పదకొండు గంటలకు వచ్చే మనిషి

“శెట్టీ, ఆ మనిషి ఈపొద్దు గూడా వచ్చినాడు సూడు,” అన్నాడు పక్కన టీ అంగడి పుల్లయ్య.

శేషాద్రి ఎరువుల బస్తాల మీదుగా వీధిలోకి తొంగిచూశాడు.

ఆళ్లగడ్డ బజారులో సరిగ్గా పదకొండు గంటలు. ఎదురుగా కరెంటు స్తంభం పక్కన, కడుపు మీద చేయి ఆనించుకొని, ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. చూపు అంగడి మీద లేదు. పైన మిద్దె కిటికీ మీద ఉంది.

ఆ కిటికీ వెనుక శేషాద్రి కూతురు హిమబిందు కూర్చుంటుంది.

ఎవరూ లేని గదిలో గొంతులు వినే ఆ పిల్ల, రెండేళ్లుగా ఎవరి ముఖమూ చూసేది కాదు. నంద్యాలలో ఒక శిక్షణ ఉందంటే చేర్పించాడు. ఊపిరి మీద ధ్యాస నిలపడం, ఎదుటివారి ముఖం చూడడం, ఒక్క మాటైనా పలకడం, అక్కడ నేర్పేది ఇంతే. బస్సులో తెలిసినవాళ్లు తారసపడి ఆరా తీస్తున్నారని ఆరు వారాలకే మాన్పించి, ఇంట్లోనే సాధన చేసుకోమన్నాడు.

అదీ ఫలించింది. మొన్న ఆమె తండ్రి ముఖం చూసి, “తింటివా నాయనా?” అని అడిగింది.

ఇంతలోనే ఎవడి కన్నో పడింది.

శేషాద్రి, పుల్లయ్య వీధి దాటారు.

“ఏ ఊరప్పా నీది?” అన్నాడు శేషాద్రి.

ఆ మనిషి మూడుసార్లు నిదానంగా ఊపిరి తీసి, శేషాద్రి ముఖంలోకి సూటిగా చూశాడు. రెప్పవేయని ఆ చూపుకు శేషాద్రి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నంద్యాల.”

“ఈడేం పని నీకు?”

“పది అయినంక పోతా. ఇంకా నాలుగుండాయి.”

“ఏందీ, నాలుగు?” పుల్లయ్య అతని కాలరు పట్టుకున్నాడు.

మళ్లీ ఊపిరి. మళ్లీ ఆ చూపు.

“తింటివా అన్నా?”

“ఎగతాళి చేస్తాండావా?”

మొదటి దెబ్బ పుల్లయ్యది. రెండోది శేషాద్రిది. తర్వాతివి బజారువాళ్లవి. ఆ మనిషి చేయి అడ్డుపెట్టుకోలేదు. కడుపు మీది చేయి తీయనూ లేదు. అతణ్ని నంద్యాల బస్సు ఎక్కించి, మళ్లీ కనబడితే కాళ్లు విరగ్గొడతామన్నారు.

సాయంత్రానికల్లా శేషాద్రి కిటికీ రెక్కలకు మేకులు కొట్టించాడు.

మర్నాటి నుంచి హిమబిందు నోరు మూతపడింది. కంచం పెడితే గోడవైపు తిరిగేది. పదకొండు కాగానే కిటికీ దగ్గరకు వెళ్లి, గోళ్లతో చెక్కను గీకేది.

ఇరవయ్యో రోజున గోళ్లు చిట్లి చెక్కకు నెత్తురు అంటింది. శేషాద్రి ఆమెను మళ్లీ నంద్యాలకు తీసుకువెళ్లాడు.

శిక్షణ గదిలో కుర్చీలు రెండేసి ఎదురెదురుగా ఉన్నాయి. హిమబిందు వెళ్లి ఒకదానిలో కూర్చుంది. దాని ఎదుటిది ఖాళీ.

“ఈడ ఒక్కొక్కరికీ ఒక జత ఉంటారండీ,” అంది శిక్షకురాలు సింధూజ. “దినామూ పదకొండుకు ఇద్దరూ ఎదురెదురుగా పదిసార్లు ఊపిరి లెక్కపెట్టుకోవాల. మీరు మాన్పించినా ఈమె జత మాత్రం మానలేదు. ఓంప్రకాష్ గారని, మీ ఊరికే వచ్చి పోతాండె. ఇరవై దినాలాయ, ఇంటి గడియ తీయడం లేదంట. మీకేమన్నా తెలుసునా?”

శేషాద్రి చూపు ఆ ఖాళీ కుర్చీ మీద ఆగింది.

హిమబిందు కడుపు మీద చేయి ఆనించుకుంది. మూడుసార్లు నిదానంగా ఊపిరి తీసి, తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది.

“బస్సెక్కితే జనం కొడ్తారని ఆయనకు గొంతులు చెప్తాండె నాయనా. మా ఊర్లో అట్లాంటోళ్లు ఎవరూ లేరు, రా అన్నా అని నేనే చెప్పినా.”