టోపీ చెప్పిన కోపం

"ఏసుబాబన్నా, నువ్వు మనసులో అనుకో, ఇది తెర మీద రాస్తుంది," అంది ఆసుపత్రి నుంచి వచ్చిన జెస్సీ, ఫోను ధరకే దొరికే తీగల టోపీని మా ఆయన తలకు తొడుగుతూ.

లారీ మీద నుంచి పడి, ఆయనకు కాళ్లూ చేతులూ మాటా పోయి ఏడాదయింది. ఆ రోజు జ్వరమన్నా వినకుండా మిరప బస్తాలెత్తడానికి పంపింది నేనే.

"నా మీద కోపంగా ఉందా అండీ?" అడిగేశాను.

తెర మీద ఒక్కో అక్షరమే వచ్చింది. "ఉంది."

అక్షరాలు ఇంకా వస్తున్నాయి.

"ఏడాదిగా చప్పిడి కూడే. గొడ్డుకారం ఏదే?"

"డాక్టరు గారు వద్దన్నారుగా!"

"ఆయనది గుంటూరు కాదు."

"అయితే? పొలమారితే ఎవరు చూస్తారు? పెట్టనంటే పెట్టను!"

"వదినా, పోట్లాడుకోకండి," కంగారుపడింది జెస్సీ.

"పోట్లాడుకోనీ జెస్సీ," అన్నాను, కళ్లు తుడుచుకుంటూ. "ఎన్నాళ్లయిందో!"