గోడకి అవతల

“శౌరమ్మగారూ, చనిపోవాలని అనిపిస్తోందా?” కౌన్సెలర్ శాలిని మామూలు గొంతుతోనే అడిగింది.

భర్త పోయాక కంకిపాడులో ఒంటరిగా ఉంటున్న శౌరమ్మను ఇంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు. ధైర్యంగా ఉండమన్నారు, ప్రార్థన చేసుకోమన్నారు.

“అనిపిస్తోందండీ.”

“అందుకోసం ఇంట్లో ఏమైనా దాచుకున్నారా?”

“దాచుకున్నాను.” ఆ మాట పైకి అనేశాక ఆమెకు ఏడుపు వచ్చింది.

శాలిని ఆమెను ఏడవనిచ్చింది. “నాతో చెప్పి మంచిపని చేశారు. ఇవాళ మీరు ఒంటరిగా ఉండకూడదు. తోడుగా ఎవరుంటారు?”

“నాకెవరున్నారండీ?”

“ఇక్కడికి, విజయవాడ దాకా మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారు?”

“పక్కింటి ఉష. నిద్ర పట్టడం లేదంటే బస్సెక్కించి తీసుకొచ్చింది.”

శౌరమ్మ సరేనన్నాక, బయట కూర్చున్న ఉషను లోపలికి పిలిచి శాలిని విషయం చెప్పింది.

ఉష శౌరమ్మ పక్కకు జరిగి కూర్చుంది. “నాకు అనుమానంగానే ఉంది పిన్నీ. అడగడానికి భయమేసింది. రోజూ పొద్దున్నే గోడకి అవతల నీ గిన్నెల చప్పుడు వినపడేదాకా నాకు పనిలో చెయ్యి ఆడదు.”

శౌరమ్మ ఆమె వంక కొత్తగా చూసింది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు వినేది తానొక్కతే అనుకుంది.

బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి ఉష చేతిలో పెట్టింది.

“వంటింటి అలమరలో ఉంది. నువ్వే తీసెయ్యమ్మా. అందాకా నేను మీ ఇంట్లో కూర్చుంటాను.”