నక్షత్రాల బస్సు, కొత్త ఎపిసోడ్

“నీడ ముందెక్కి, మనిషి తరవాత ఎక్కాడా? అట్టయితే కండక్టరు టికెట్ ఎవరికి కొట్టింది బాబాయ్?”

జమాల్ అడిగిన ప్రశ్నకు అంకారావు గొంతు సవరించుకున్నాడు. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి ఉన్నాయి. పక్కనున్న మిషన్ ఆయన రక్తాన్ని కడుగుతోంది. పక్క మంచం మీద జమాల్‌దీ అదే పరిస్థితి. నరసరావుపేటలోని ఆ డయాలసిస్ వార్డులో మిగతావాళ్లంతా గోడవైపు తిరిగి పడుకుంటే, వీళ్లిద్దరే ‘నక్షత్రాల బస్సు’ సీరియల్ కొత్త ఎపిసోడ్ మీద పడ్డారు.

“నీడకే కొట్టింది. ఆ గ్రహంలో నీడలే అసలు మనుషులురా. మనుషులు వాటి లగేజీ.”

“లగేజీకి చార్జీ లేదా?”

“ఒళ్లో పెట్టుకుంటే లేదు.”

ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి కాబట్టి ఇలాంటి చోట ఆయన తడుముకోడు. జమాల్ పకపకా నవ్వాడు. పాలిపోయి, ఉబ్బిపోయిన ఆ మొహంలో నవ్వు చూస్తే అంకారావుకి కడుపు నిండినట్టుంటుంది. క్రోసూరులో టైల్స్ పరిచే పని చేసేవాడు జమాల్. నలభై కూడా నిండలేదు. బడికెళ్లే కూతురుంది.

నిజానికి ముందురోజు, ఆదివారం, అంకారావు టీవీలో చూసిందేమీ లేదు. ఆ సీరియల్ ఆగిపోయి మూడు నెలలైంది. ఒక్క ముక్కైనా చెప్పకుండా, బస్సును డీజిల్ అయిపోయిన చోట, పొగమంచు గ్రహంలో వదిలేసి, ఆ టైములో వంటల పోటీ మొదలుపెట్టారు చానల్ వాళ్లు.

అలా ఆగిపోయిన మర్నాడు అంకారావుకి సీరియల్ మీదే కాదు, బతుకు మీదే విరక్తి పుట్టింది. వారానికి మూడు రోజులు నాదెండ్ల నుంచి రావడం, గంటల తరబడి కదలకుండా పడి ఉండడం, దాహమేస్తే నీళ్లు కూడా కొలుచుకుని తాగడం. ఇదే ఆఖరుసారి, ఇక రానని దారిలోనే భార్య వనజకు చెప్పేశాడు. ఆస్పత్రికి చేరాక ఆమె వార్డులోకి రాకుండా వరండాలోనే ఉండిపోయింది. సీరియల్ ఆగిపోయిన సంగతీ, తను మానేస్తున్న సంగతీ జమాల్‌కి చెప్పేసి పోదామనుకున్నాడు గానీ, ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు నసిగాడు. ఈలోపు జమాల్ అక్క తహసీన్ లోపలికొచ్చి, తమ్ముడి దుప్పటి సర్ది వెళ్లింది. కాసేపటికి జమాలే నోరు విప్పాడు.

“ఇయ్యాళ్టితో సరి బాబాయ్. ఇంక నేను రాను. ఈ సూదులు నా వల్ల కాదు.”

అంకారావు అతని వైపు తిరిగాడు. తనంటే చూడాల్సినవన్నీ చూసినవాడు. వీడికేం వయసని? అంతకుముందు కిటికీ పక్క మంచం మీదుండే మేస్త్రి కూడా ఇలాగే మానేశాడు. పట్టుమని పది రోజులు బతకలేదు. ఏం చెప్పి ఆపాలో తోచక, నోటికొచ్చింది అనేశాడు.

“మానేస్తే మానేశావులే. పొగమంచులోంచి బస్సు ఎట్టా బయటపడిందో తెలుసుకోవా?”

జమాల్ ఒక్క క్షణం ఆయనకేసి చూశాడు. “మా టీవీ పిడుగుకి కాలిపోయింది బాబాయ్. చూళ్లేదు. ఎట్టా బయటపడింది?”

“బుధవారం రా, చెప్తా. ఇప్పుడు గొంతెండిపోతంది.”

బుధవారం జమాల్ వచ్చాడు. ఇక అక్కణ్ణుంచి అంకారావుకి తన బాధ తలుచుకునే తీరికే లేకపోయింది. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా గ్రహాలు కల్పించుకోవడమే పని. జమాల్ ఊరికే వినే రకమా? “మొన్న డీజిల్ లేదన్నావు, ఇయ్యాళెట్టా కదిలింది?” అని ప్లీడరులా నిలదీసేవాడు. జవాబు వెతకలేక అంకారావు బుర్ర గోక్కునేవాడు. “వీడు నన్ను చావనిచ్చేట్టు లేడే,” అని వనజ దగ్గర విసుక్కుంటే ఆమె మొహం పక్కకు తిప్పుకునేది.

ఈరోజు కూడా సూదులు తీసే వేళకు జమాల్ ఒక చిక్కుముడి వేశాడు. “నీడ మధ్యలో దిగిపోతే, ఆ మనిషి సీట్లోనే ఉండిపోతాడా బాబాయ్?”

“బుధవారం చెప్తా.”

“కచ్చితంగా రావాల. ఈలోపు నాకు నిద్ర పట్టదు.”

బుధవారం అంకారావు జవాబు సిద్ధం చేసుకుని వచ్చాడు. పక్క మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే జమాల్ గుండె ఆగిపోయిందని సిస్టర్ ఝాన్సీ చెప్పింది. ఆయనకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఇంత అబద్ధమాడి వాణ్ణి నిలబెట్టింది ఇందుకా అనిపించింది.

శుక్రవారం ఆయన ఆస్పత్రికి బయల్దేరలేదు. ఇక వెళ్లనని వనజతో అన్నాడు. ఆమె ఎంత బతిమాలినా వినలేదు. క్రోసూరు వెళ్లి జమాల్ వాళ్లను పలకరించి వద్దామన్నాడు.

జమాల్ భార్య ఫాయిజా లోపలి గదిలో ఉంది. తహసీన్ వచ్చి ముందు గదిలో కుర్చీలు వేసింది. అంకారావు తల వంచుకునే చెప్పాడు.

“అమ్మాయ్, ఆ సీరియల్ ఎప్పుడో ఆగిపోయింది. మానేస్తానన్నాడని, వాణ్ణి రప్పించటానికి నేనే అల్లి చెప్పా.”

“తెలుసు బాబాయ్. మా టీవీకేం కాలేదు. ఆదివారం ఆ వంటల పోటీ మావోడు మాతోనే చూసేవోడు.”

అంకారావు తెల్లబోయాడు. “తెలిసీ నా సోదంతా ఎందుకిన్నాడే?”

తహసీన్ వనజ వైపు చూసింది. వనజ తలెత్తలేదు.

“ఆరోజు వరండాలో పిన్ని నా దగ్గర కూర్చుని చానా ఏడ్చింది. నేను లోపలికొచ్చి మావోడికి చెప్పా.”

“ఏమని?”

తహసీన్ కళ్లొత్తుకుంది.

“మీరు మానకూడదనే మావోడు మానేస్తానన్నాడు.”