ఆరో రాయి

“ఆ కుర్చీలో కూర్చోకూడదు మామ్మగారూ, అది దొర కుర్చీ,” అన్నాడు గైడు, చేయి అడ్డం పెట్టి.

“కూర్చోను నాయనా, పట్టుకున్నానంతే. మోకాళ్లు మాట వినడం లేదు.”

మనవరాలు ఆవిడ మోచేయి పట్టుకుంది. దొర బంగళా చూపిస్తానని బడి ఎగ్గొట్టించి మరీ తీసుకొచ్చింది అమ్మమ్మ. తీరా వచ్చాక పింగాణీ పళ్లేలూ చూడలేదు, పియానో వంకా తిరగలేదు.

“కుక్కల సమాధులు ఎటు?” అని మళ్లీ అడిగింది.

“తోటలో ఉన్నాయండీ. తొందరేముంది?”

“ఉందయ్యా. కార్లు పెట్టుకోడానికి సోమవారం తవ్వేస్తున్నారని పేపర్లో పడిందిగా. మా అమ్మ ఈ బంగళాలోనే ఆయాగా చేసింది.”

గైడు మొహం విప్పారింది. “ఆ మాట ముందే చెప్పొద్దూ! రండి రండి.”

వరండా గోడ మీద ఐదు ఫొటోలున్నాయి. ఐదూ కుక్కలవే. మెడల్లో వెండి బిళ్లలు.

“దొరసానికి ఇవంటే ప్రాణమట. మనుషులకన్నా బాగా చూసుకునేదట.”

“నిజమే,” అంది అమ్మమ్మ.

తోట చివర, తామర కొలను పక్కన వరసగా ఆరు పాలరాళ్లు. ఐదింటినీ దాటుకుని వెళ్లి, ఆరోదాని ముందు కూలబడిందావిడ. కొంగుతో పాచి తుడిచింది.

“‘బ్రౌనీ. నమ్మకమైనది’ అని రాశారండీ,” గైడు వంగి చదివాడు. “రంగు చూసి దొరసానే పెట్టిందట ఆ పేరు. చిన్నదొర బంతి కొలనులో పడితే తేవడానికి దూకేసిందట. మునిగిపోయింది పాపం.”

“కుక్కలకి ఈత వచ్చుగా?” అంది మనవరాలు.

“దీనికి రాదేమో!” గైడు నవ్వాడు.

“ఈతా రాదు, కాదనడమూ రాదు,” అంది అమ్మమ్మ. “అది దూకలేదు. తెమ్మన్నారు, దిగింది.”

“అయితే మీరు దాన్ని చూశారా?”

“దాని పక్కలోనే పడుకునేదాన్ని. చలికి వెచ్చగా ఉండేది.” ఆవిడ గైడు చేయి పట్టుకుంది. “నాయనా, రాయి మీరే ఉంచుకోండి. కింద ఉన్నది నాకిప్పించు. మా అమ్మ పోతూ పోతూ అడిగిందొక్కటే.”

గైడు బుర్ర గోక్కున్నాడు. “కుక్క ఎముకలకి అర్జీ ఏమిటని మా ఆఫీసరు నవ్వుతాడండీ.”

“నవ్వనీ.”

మనవరాలికి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో ఎవరైనా ఎవరినైనా ‘కుక్కా’ అని తిడితే మూతి పగలగొట్టే మనిషి, కుక్క సమాధి పట్టుకుని ఏడుస్తోంది.

“లే అమ్మమ్మా! అందరూ మననే చూస్తున్నారు.”

గైడుకి జాలేసింది. “సరే, అడిగి చూస్తాను. అన్నట్టు, దీనికొక్కదానికే ఫొటో లేదండీ. ఇంతకీ ఎలా ఉండేది?”

అమ్మమ్మ మనవరాలిని దగ్గరికి లాక్కుంది. గడ్డం పట్టుకుని మొహం గైడు వైపు తిప్పింది.

“అచ్చం దీనిలాగే ఉండేది మా అక్క.”