కింది వాటా చప్పుడు

సరిగ్గా తొమ్మిదింటికి కింది వాటాలోంచి మళ్ళీ మొదలైంది.

టక్, టక్, టక్.

ముసలాయన కర్రతో తన ఇంటి పైకప్పును పొడుస్తున్నాడు. ఆ పైకప్పే పై వాటాలో ఉండే పిల్లకు నేల. మంచం కోళ్ళ దాకా అదిరింది.

"పొద్దున్నే ఈయనకేం పుట్టింది?" అని విసుక్కుంటూ లేచింది. లేచాక ఇక నిద్ర పట్టదు కాబట్టి లెక్కల పుస్తకం తెరిచింది.

పదో తరగతి సగంలో బడి మానేసింది. బడి గేటు కనబడితే చాలు, కడుపునొప్పి వచ్చేది. ముగ్గురు డాక్టర్లు చూసి కడుపులో ఏమీ లేదన్నారు. నొప్పి మాత్రం ఉంది. చివరికి తల్లే దిగొచ్చింది.

"సరే, ఇంట్లోనే చదువుకో. ప్రైవేటుగా పరీక్ష రాయి. తప్పావో, జూన్‌లో మళ్ళీ అదే బడి, అదే బెంచీ. తర్వాత నన్నని లాభం లేదు."

తల్లి మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. ఎనిమిదింటికి వెళ్తే, కాళ్ళు వాచిపోయాక గానీ ఇంటికి రాదు.

ఇంట్లో చదువంటే హాయనుకుంది పిల్ల. తీరా చూస్తే రోజుకు మొదలూ చివరా లేకుండా పోయాయి. పుస్తకం తెరిచి గంటయిందనుకుంటే, గడియారంలో పది నిమిషాలే. కాసేపు నడుం వాలిస్తే మధ్యాహ్నం. ఏమీ చేయకుండానే అలసిపోయేది.

దానికి తోడు ఈ ముసలాయన. కింది వాటాలోకి కొత్తగా దిగాడు. ఒంటరి మనిషి, బొత్తిగా చెవుడు. వచ్చిన వారంలోనే తల్లిని మెట్ల దగ్గర ఆపి, పాప బడికెందుకు వెళ్ళడం లేదని అడిగాడు.

"ఇంట్లోనే చదువుకుంటోందండీ!"

"ఆఁ?"

"ఇంట్లోనే! ఓ టైమంటూ లేదు, లేపే దిక్కూ లేదు! ఎలా గట్టెక్కుతుందో ఏమో!"

చెవిలో అరవాల్సి రావడంతో వీధి వీధంతా వినేసింది. పిల్లకు తల కొట్టేసినట్టయింది.

మర్నాటి నుంచే కర్ర మొదలైంది.

"నేను నడిస్తే చప్పుడైపోతోందట ఆయనకి. అందుకే పొడుస్తున్నాడు," అంది తల్లితో.

"నాకెప్పుడూ వినబళ్ళేదే?"

"నువ్వుండేది ఆదివారమేగా. ఆదివారం ఆయనగారికి సెలవు."

ఒకరోజు తట్టుకోలేక కిందికి దిగింది.

"తాతగారూ, నేనేం చప్పుడు చేశానని కొడుతున్నారు?"

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటమ్మా?"

"చప్పుడు! చప్పుడు!"

"ఆఁ, చదువా? మంచిది, మంచిది. పైకెళ్ళు తల్లీ, టైమవుతోంది."

ఒళ్ళు మండిపోయింది. ఇలా కాదని ఒక చీటీ తయారుచేసింది. కర్ర చప్పుడైన ప్రతిసారీ గడియారం చూసి వేళ రాసింది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా రోజూ అవే వేళలు. తొమ్మిది, తొమ్మిదీ నలభై, పదీ ఇరవై, పదకొండు... అలా సాయంత్రం దాకా. ఒక్క గురువారం మాత్రం పదీ ఇరవైకి బదులు పదీ ఇరవై రెండుకి. ఆ చీటీ తీసుకెళ్ళి ఇంటివాళ్ళావిడ చేతిలో పెట్టింది.

"రోజుకి ఇన్నిసార్లా!" ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "నేను చెప్తాలే."

సోమవారం చప్పుడు లేదు.

పిల్ల పదకొండింటికి లేచింది. ప్రాణం హాయిగా ఉంది. మంగళవారం పన్నెండైంది. ఆ తర్వాత ఏ రోజు ఏదో లెక్కే లేదు. మూడు వారాలు గడిచాక చూసుకుంటే, లెక్కల పుస్తకంలో గుర్తుకు పెట్టిన కాగితం పెట్టిన చోటే ఉంది. అంతకు ముందు ఆరు పాఠాలు పూర్తయ్యాయి. ఎలా అయ్యాయో తనకే తెలియదు.

పరీక్షకు నలభై రోజులే ఉన్నాయి. భయం వేసింది. పొద్దున మెలకువ వచ్చినా లేవడానికి ఒంట్లో ఓపిక లేదు. తొమ్మిదయ్యేసరికి చెవులు వాటంతటవే నేలవైపు పోయేవి.

చివరికి సిగ్గు విడిచి కిందికి దిగింది. కర్రతో కొట్టమనే అడుగుదామనుకుంది.

తలుపు బార్లా తీసి ఉంది. లోపల సామాను లేదు. ఇంటివాళ్ళావిడ ఒక్కతే పైకప్పుకు పడిన గుంటలు చూసుకుంటోంది.

"తాతగారేరీ?"

"నిన్ననే ఖాళీ చేశాడమ్మా. ఎక్కడికో చెప్పలేదు."

"మీరే పొమ్మన్నారా?"

"అయ్యో, నేనెందుకంటాను? నీ చీటీ చూపించి, కర్ర ఆపమన్నానంతే. అలాగే అన్నాడు, ఆపేశాడు. మొన్న వచ్చి, ఇక నాకిక్కడ పనేముందమ్మా అన్నాడు. ఆ ముసలాయనకి ఇక్కడున్న పనేమిటో నాకైతే అర్థం కాలేదు." ఆవిడ కొంగుముడి విప్పి మడత కాగితం తీసింది. "ఇదుగో, ఇది నీకిమ్మన్నాడు."

అదే చీటీ. తను రాసిన ప్రతి వేళ పక్కనా ఆయన వణికే అక్షరాలు ఉన్నాయి. తొమ్మిదికి ఎదురుగా మొదటి పీరియడ్. తొమ్మిదీ నలభైకి రెండోది. పదకొండుకి ఇంటర్వెల్. పన్నెండున్నరకి అన్నం.

అట్టడుగున ఒక్క వాక్యం ఉంది: "గురువారం మూడో పీరియడ్ రెండు నిమిషాలు ఆలస్యంగా కొట్టాను, ఏమనుకోకు తల్లీ, ముప్ఫై ఏళ్ళు బడిలో గంట కొట్టినవాణ్ణి, ఎన్నడూ ఇలా జరగలేదు."