నాలుగు బిగుతు వరుసలు

సూది పట్టడం చేతకాకపోయినా ఊలు అల్లిక మీద పరిశోధన వెలగబెడుతున్న మహానుభావుణ్ణి నేను. కంప్యూటర్లో ఒక్కో లూపునీ గీసి, దాని వంపుకి లెక్క కడుతుంటాను.

కొలతల కోసం, అక్క అల్లి ఇచ్చిన నా స్వెటర్‌నే స్కాన్ చేశాను. వేల లూపులు నా సూత్రానికి బుద్ధిగా లొంగాయి, ఎడమ చేతి మీద నాలుగు వరుసలు తప్ప. అవి మరీ బిగుసుకుపోయి ఉన్నాయి. వాటికి ఎర్రరంగు పూసి, ‘కారణం’ అన్న గడిలో ‘అల్లినవారి అజాగ్రత్త’ అని రాశాను.

అంతటితో ఊరుకున్నానా? ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కకే చూపించాను. ఆవిడలో తప్పు పట్టే అవకాశం చిన్నప్పటినుంచీ దొరకలేదు మరి.

“చూశావా అక్కా, ఇక్కడ నీ చెయ్యి తప్పింది.”

అక్క కళ్లజోడు సవరించుకుని తెర మీదికి వంగింది.

“అవా? నీ ఆపరేషన్ రోజు థియేటర్ బయట కూర్చుని అల్లినవిరా మేధావీ. మూడు గంటల్లో ఆ నాలుగు వరుసలే అయ్యాయి. ఎంత లాగి పట్టుకున్నానో, దారానికి వేలు కోసుకుపోయింది.”

ల్యాప్‌టాప్ మెల్లిగా నా వైపు తిప్పుకున్నాను. ‘కారణం’ గడిలో ఉన్నది చెరిపేసి, ‘పరిశోధకుడు’ అని రాశాను.