మసి ముఖాల సైన్యం

"అవ్వా, సైనికుల మొఖాలకు గిట్ల మసి పూసినవేంది?"

బల్ల మీద నిలబడ్డ వేలెడంత బొమ్మలను చూసి హర్షిణి తల పట్టుకుంది. రేపే హైదరాబాదులో ఈ బొమ్మ సైనికులతో ఆడే యుద్ధం ఆట పోటీ. రంగులు బాగా వేసిన సైన్యానికీ బహుమతి ఉంది. పొద్దున కాలేజీకి వెళ్తూ, ముఖాలకు రంగు వేయమని నాయనమ్మ సారవ్వ చేతికి కుంచె ఇచ్చింది.

"మంచిగ లేవా?" అంది సారవ్వ.

"అందరు బొగ్గుబాయిల డ్యూటీ దిగినట్టున్నరు. సేనాపతి ఒక్కడే తెల్లగున్నడేంది?"

"ఆఫీసర్ గద బిడ్డా. ఆయన కిందికి దిగుతడా?"

హర్షిణికి నవ్వొచ్చింది. అయినా మసి తుడిచేయడానికి గుడ్డను థిన్నర్‌లో ముంచింది.

సారవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. "బాయిలకు పొయ్యేటప్పుడు అందరి మొఖాలు తెల్లగనే ఉంటయి. మీ తాత షిఫ్టుకు పోతే, నేను మసి మొఖం కోసమే గేటు దిక్కు చూసేదాన్ని. మసి కనవడ్డదంటే పైకొచ్చిండన్నట్టే."

"వీళ్లు యుద్ధానికి పొయ్యేటోళ్లు గదనే అవ్వా."

"నేనేసింది తిరిగొచ్చినోళ్లను."

హర్షిణి గుడ్డ పక్కన పెట్టింది. సేనాపతిని నాయనమ్మ దగ్గరికి జరిపింది.

"ఈయనకు గూడ పుయ్యి అవ్వా. ఆఫీసరైతేంది, ఆయన ఇంట్ల గూడ ఎదురుచూస్తుంటరు గద."